ఎర్రబండికి అడ్డబారు

తారీఖు 9

చిరంజీవి అమ్మాయి పానాకి నాన్న దీవెనలు.

ఇక్కడ నేను, మీ అమ్మ, ఎర్రబండి ముగ్గురం కులాసా. ముగ్గురిలో తుప్పు తక్కువ పట్టింది బండికే. నువ్వు కులాసాగా ఉన్నావని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి మళ్ళీ అడగను.

ముందు నా కడుపులో ఉన్నది కక్కేస్తాను. అది బయటికి రాకపోతే మిగతాది రాయలేను. పదకొండేళ్ళయింది. పాత విమానాల మైదానంలో, నేను నాలుగు రోజులు కోసి, వంచి, వెల్డింగు పెట్టి, నల్లరంగు వేయించి బండి బానెట్ కింద అడ్డంగా బిగించిన అడ్డబారుని, కారు పందేల క్లబ్బు వాళ్ళు పదిహేను మంది నిలబడి చూస్తుండగా, నువ్వు వేలి గోటితో టకటకా కొట్టి, "చూడ్డానికి బాగుంది నాన్నా, అంతకుమించి దీనివల్ల ఒరిగేదేం లేదు" అన్నావు. అందరూ నవ్వారు. ఇంట్లో అని ఉంటే పోనీలే అనుకునేవాణ్ణి. పనివాడి పనిని పదిమందిలో గోటితో కొట్టి చూపిస్తారా? ఈ పదకొండేళ్ళలో వెల్డింగు మంట వెలిగించిన ప్రతిసారీ ఆ టకటక నా చెవిలో మోగుతూనే ఉంది.

ఆ తర్వాత అరగంటలో నువ్వు కుడి మలుపులో బండి జారవిడిచి ఇనప డ్రమ్ములకి కొట్టావు. నీకు దెబ్బ తగల్లేదు, బండికి ముందు దీపం పోయింది. నేను పరిగెత్తుకొచ్చి అందరూ వినేట్టు "తప్పు బండిది కాదు, చేతిది" అన్నాను. నువ్వు తాళాలు బానెట్ మీద పెట్టి, మైదానం గేటు దాకా నడుచుకుంటూ పోయావు. వెనక్కి తిరగలేదు. ఆ రోజు తర్వాత ఆ బండిని వేగంగా తోలినవాళ్ళు లేరు. ఆ ఏడు కొండదారి పందేనికి క్లబ్బు వాళ్ళు నిన్ను కాకుండా ఇంకొకణ్ణి పంపించారు. నీ మాటా తగిలింది, నా మాటా తగిలింది. సరే.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకో. నా చదువు నీకు తెలిసిందే, కొలతలు రాసుకోవడానికి సరిపోయేంత. మీ అమ్మని రాసిపెట్టమంటే, "ఇన్నాళ్ళూ ఆయన బాగున్నారు, ఆయన అడిగారు అని మీ తరఫున నేనే రాశాను. ఈ ఒక్కటీ మీ చేత్తో రాసుకోండి" అని పెన్సిలు చెక్కి చేతిలో పెట్టి పోయింది. మూడు రోజుల నుంచి రాస్తున్నాను.

నీ ఉత్తరం మీ అమ్మే చదివి వినిపించింది. మీ ఆఫీసులో పరుగు బండ్లకి వేసే అడ్డబార్ల మీద కొలతలు తీస్తున్నారని, మన ఎర్రబండికి ఆ బారు ఇంకా ఉందా, విప్పితే తేడా తెలుస్తుందా నాన్నా అని అడిగావు. అంతవరకు బాగానే ఉంది. కింద ఇంకో ముక్క రాశావు. "కొలతలన్నీ నేనే చూస్తాను. తోలేది మాత్రం వేరేవాళ్ళు. నా చెయ్యి సంగతి నీకు తెలుసు కదా." మీ అమ్మ అక్కడితో ఉత్తరం మడిచి నా వంక చూసింది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

నేను నీ మీద పంతంతోనే మొదలుపెట్టాను. దీనివల్ల ఒరిగేది ఉందో లేదో చూపిస్తాను దీనికి, అనుకున్నాను. రెండో రోజుకే ఆ పంతం ఎక్కడ పెట్టానో నాకే దొరకలేదు. పనిలో పడిపోయాను.

మొదట బారు విప్పాను. విప్పడానికి ఒక పూట పట్టింది. ఎందుకు పట్టిందో ఇప్పుడు చెప్పను.

విప్పుతుంటే మీ అమ్మ టీ తెచ్చి, "అసలిది ఎందుకండీ బండికి?" అంది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి అడిగింది. బల్ల మీద చెప్పుల అట్టపెట్టె ఉంటే తీసి మూత పెట్టి మెలితిప్పమన్నాను. మెలిపడలేదు. మూత తీసి తిప్పమన్నాను. తడిగుడ్డలా తిరిగింది. "మన బండికి పైకప్పు లేదు కదా, అది ఈ మూత లేని పెట్టె. చక్రం గతుకులో పడ్డప్పుడల్లా ఒళ్ళు ఇలా మెలిపడుతుంది. ముందు చక్రాల స్ప్రింగులు రెండూ పైకి వచ్చి ఆనుకునే రెండు గూళ్ళూ ఒకదానికొకటి దూరం జరగకుండా, దగ్గరవకుండా పట్టుకునేదే ఈ బారు" అన్నాను. మీ అమ్మ పెట్టెని ఇంకోసారి తిప్పి చూసి, "అయితే ఎంత జరుగుతాయి?" అంది. చూశావా పానా. నలభై ఏళ్ళు ఇనుముతో బతికాను, ఎంత జరుగుతాయో ఎప్పుడూ కొలవలేదు. పట్టుకుంటుంది అని చెప్పడమే గాని.

కొలిచాను. రెండు గూళ్ళ మధ్యకి సరిగ్గా సరిపోయేలా ఒక కర్ర కోశాను. బండి ముందు ఎడమ చక్రాన్ని జాకీతో ఎత్తాను. కర్ర వదులైంది. ఎంత వదులైందో చూడ్డానికి సన్నటి రేకులు కనపడక, మీ అమ్మ పెట్టెలోంచి నువ్వు పంపిన పోస్టుకార్డులు నాలుగు తీసి సందులో దూర్చాను. బారు లేనప్పుడు మూడు కార్డులు పట్టాయి. బండి దింపి, బారు కంతలు కాస్త పెద్దవి చేసి, నేల మీదే బారు బిగించి మళ్ళీ ఎత్తితే ఒకటి, అదీ బిగుతుగా. అంటే బారు పని చేస్తోంది! అక్కడే గెంతాను, మోకాలు గుర్తుచేసింది. ఒక కార్డు మీద గ్రీజు మరక పడింది, నువ్వు ఉద్యోగంలో చేరిన కబురు రాసిన కార్డు. మీ అమ్మకి ఇంకా తెలియదు. నువ్వు చెప్పకు.

అయితే పానా, అప్పుడు నాకే అనుమానం వచ్చింది. రెండు కార్డుల మందం జరగకపోతే తోలేవాడికి తెలుస్తుందా? కార్డు మందం చేతికి తెలుస్తుందని ప్రమాణం చేసి చెప్పగలవా? నేను చెప్పగలను అనుకున్నాను.

మన పెయింటరు బాబాయిని పిలిచాను. వాడికీ పనేం లేదు, చేతులు వణుకుతున్నాయని ఇప్పుడు గోడలకి కూడా పిలవడం లేదు. మైదానంలో పాత టైర్లు పేర్చి మలుపులు పెట్టాం. నేను కళ్ళకి గుడ్డ కట్టుకుని కూర్చోవాలి, వాడు బానెట్ ఎత్తి బారు బిగించాలో తీసెయ్యాలో వాడి ఇష్టం, ఏం చేశాడో చీటీ మీద రాసి జేబులో వేసుకోవాలి. తర్వాత నేను గుడ్డ తీసి మూడు చుట్లు తోలి, బారు ఉందో లేదో చెప్పాలి. ఇలా ఎనిమిది సార్లు. బారు లేకపోతే బరువు తేడా తెలిసిపోతుందని, తీసినప్పుడు దాన్ని నా సీటు వెనకాల పెట్టేవాడు. అది వాడి తెలివే, మెచ్చుకోవాలి.

"అన్నా, ఇది పందెమా పరీక్షా?" అన్నాడు.

"పరీక్ష. నాకు కాదు, బారుకి."

"చూద్దాంలే ఎవరికో" అన్నాడు.

ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందని మీ అమ్మని పక్క సీట్లో కూర్చోబెట్టాను. ఆమె కళ్ళకీ గుడ్డ, ఆమె కూడా ఉందో లేదో చెప్పాలి. మొదటి నాలుగు సార్లూ నేను బల్లగుద్ది చెప్పాను. ఉంది, లేదు, లేదు, ఉంది. అయిదోసారి మలుపులో బండి నా చేతిలో వెన్నలా తిరిగింది. ఆపి అరిచాను, "ఇదిగో! ఇదీ బారంటే! స్టీరింగు మాట వింటోంది!" పెయింటరు దగ్గరికొచ్చాడు. నా సీటు వెనక చెయ్యి పెట్టి బారు బయటికి తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"మరి బండి మారింది కదరా!"

"ముందు టైర్లలో గాలి తగ్గిందనిపించి పంపుతో కొట్టాను అన్నా. నాలుగు పాయింట్లు ఎక్కువ పడ్డట్టుంది."

వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, ఆడపిల్లకి రాసే మాటలు కావు. కాని తర్వాత ఆలోచిస్తే, వాడి పొరపాటు వల్ల తెలిసింది చిన్నదేం కాదు. నేను నాలుగు రోజులు చేసిన బారు కంటే, వాడు రెండు నిమిషాలు కొట్టిన గాలి నా చేతికి ఎక్కువ తెలిసింది. నిజం రాస్తున్నాను, బాధగానే ఉంది.

చివరికి చీటీలు తీసి చూస్తే నావి ఎనిమిదింట్లో నాలుగు ఒప్పు. గుడ్డ తియ్యకుండా ఇంట్లో కూర్చుని చెప్పినా నాలుగు వచ్చేవి. గడియారం పెట్టి చూశాం, బారు ఉన్న చుట్లకీ లేని చుట్లకీ అర సెకను తేడా లేదు, అదైనా ఒకసారి ఇటు, ఒకసారి అటు.

మీ అమ్మవి ఏడు ఒప్పు.

నేను నమ్మలేదు. పెయింటరుతో కుమ్మక్కయిందనుకున్నాను. "వదినకి సైగ చేసేంత ధైర్యం నాకుందా అన్నా" అన్నాడు వాడు. ఆమెనే అడిగితే చాలా తేలిగ్గా చెప్పింది. "మోచెయ్యి తలుపు మీద పెట్టుకుంటాను కదండీ. గతుకు వచ్చినప్పుడు తలుపుకీ బండికీ మధ్య సందు మూసుకుని నా చర్మాన్ని గిల్లుతుంది. బారు ఉంటే గిల్లదు. మీరు స్టీరింగుతో కుస్తీ పడుతుంటారు, మీకేం తెలుస్తుంది?"

మళ్ళీ మళ్ళీ తోలి చూశాను, నా మోచెయ్యి కూడా తలుపు మీద పెట్టి. నిజమే. బారు ఉంటే తలుపు మూలగదు, అద్దం గలగలలాడదు, గతుకు మీద స్టీరింగు వణుకు ఒక పిసరు తగ్గుతుంది. కాని బండి వేగం పెరగదు, టైరు పట్టు పెరగదు. ఇదీ నేను తేల్చింది. నీ కొలతల్లో ఏం వచ్చిందో రాయి. పైకప్పు ఉన్న బండికి అయితే మెలిక ఇంకా తక్కువ కదా, అప్పుడు మీ అమ్మకైనా తెలుస్తుందా? స్ప్రింగులు గట్టివి వేస్తే బారు అవసరం పెరుగుతుందా? వెనక కూడా ఒక బారు వేస్తే? నాకు ఇవన్నీ తెలుసుకోవాలని ఉంది. మోచెయ్యి గిల్లడాన్ని కొలిచే యంత్రం మీ ఆఫీసులో ఉందా? లేకపోతే మీ అమ్మని పంపిస్తాను.

కాబట్టి ఒరిగేదేం లేదు అన్న నీ మాట సగం తప్పు. బండిని మార్చేస్తుంది అన్న నా మాట సగం తప్పు. పదకొండేళ్ళు ఇద్దరం చెరో సగం పట్టుకుని కూర్చున్నాం.

నువ్వు అడిగిన మిగతా రెండూ చెప్తాను. మోకాలు ఎక్కేటప్పుడు బాగానే ఉంది, దిగేటప్పుడే మొరాయిస్తోంది. వెల్డింగు అద్దాలు పెట్టుకుంటున్నాను. మీ అమ్మ వాటికి తాడు కట్టి నా మెడలో వేసింది, ఆవుకి గంట కట్టినట్టు. షెడ్డులోకి వచ్చిన ప్రతివాడూ చూసి నవ్వుతున్నాడు. నవ్వనీ. చలికి నువ్వు పంపిన చేతి తొడుగులు సరిపోయాయి, కాని వాటితో నట్టు తిప్పడం కుదరదు.

ఇక మిగిలింది ఒకటే. దానికోసమే ఇంత రాశాను, దాన్ని తప్పించుకోవడానికే ఇంత రాశాను.

బారు విప్పడానికి ఒక పూట పట్టిందన్నాను కదా. నట్లు మామూలుగానే వచ్చాయి. బారు రాలేదు. గూళ్ళలోంచి పైకి లేచి ఉండే బోల్టుల్ని కరిచి పట్టుకుంది. కర్ర సుత్తితో కింద నుంచి కొడితే ఠంగుమని ఎగిరి బానెట్‌కి తగిలింది, విల్లు వదిలినట్టు. మళ్ళీ పెట్టి చూస్తే దాని కంతలు బోల్టుల మీద కూర్చోలేదు. అర కంత పక్కకి పోయింది. నేను కొలిచి తొలిచిన కంతలు! ఆ డ్రమ్ముల దెబ్బకి బండి ఒళ్ళు వంగిందేమోనని మూలమూలకీ దారాలు కట్టి చూశాను. వంగలేదు. ఒక రోజంతా నాకు అర్థం కాలేదు.

తర్వాత కార్డుల కోసం ఎడమ చక్రం ఎత్తాను చూడు, అప్పుడు ఊరికే చూద్దామని బారు పెట్టాను. దానంతట అదే వెళ్ళి బోల్టుల మీద కూర్చుంది. చేత్తో నొక్కక్కర్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది పానా. ఆ రోజు పొద్దున ఎడమ ముందు టైరులో గాలి పోయింది. పెయింటరు దాన్ని పంచరు వేయించడానికి పట్టుకెళ్ళాడు. బండి జాకీ మీద ఒక కాలు ఎత్తుకుని నిలబడి ఉంది. క్లబ్బు వాళ్ళు వచ్చే వేళయింది. నేను తొందరలో, బండి అలా ఉండగానే, కంతలు గుర్తుపెట్టి, తొలిచి, బారు బిగించేశాను. తర్వాత చక్రం వేసి కిందికి దింపాను. వంగి నిలబడ్డ మనిషికి నడుం పట్టీ బిగించి, ఇక నిటారుగా పరిగెత్తు అన్నట్టు. ఏ కుర్రాడైనా నా షెడ్డులో ఆ పని చేస్తే బయటికి నెట్టేవాణ్ణి. బరువు చక్రాల మీద ఉండగా బిగించాలని పది మందికి నేర్పినవాణ్ణి నేనే.

అనుమానం అనుమానంగానే ఉంచడం నాకు చేతకాదు. ఎనిమిది చుట్ల పరీక్షకి బారు తేలిగ్గా ఎక్కి దిగాలని, బండి నేల మీద ఉండగా కంతలు పెద్దవి చేసుకున్నాను కదా, ఇప్పుడు ఆ రోజులాగే ఎడమ చక్రం ఎత్తి, పాత గుర్తుల దగ్గరే బిగించి, దింపాను. దారానికి నట్టు కట్టి చక్రం పక్కన వేలాడదీసి చూస్తే ఎడమ చక్రం తల బయటికి వాలింది. మీ అమ్మని బండి దిగమని తోలాను. ఎడమకి మామూలుగా తిరిగింది. కుడికి తిప్పితే ముందు వినలేదు, ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా వదిలేసింది. పేర్చిన టైర్లన్నీ చెల్లాచెదురు. నువ్వు కొట్టిన చోటే. నలభై ఏడేళ్ళుగా స్టీరింగు పట్టిన చెయ్యి ఇది, అదీ ముందే తెలిసి జాగ్రత్తగా తోలితే! నువ్వు ఏమీ తెలియకుండా, నన్ను నమ్మి తోలావు.

అప్పుడు నువ్వు చెప్పావు కూడా. రెండో చుట్టు అయ్యాక తలుపు మీదుగా వంగి, "నాన్నా, కుడికి ఏదో అడ్డుపడుతోంది" అన్నావు. "తోలు తోలు, సాకులు చెప్పకు" అన్నాను. పదకొండేళ్ళు నాకు నీ గోటి టకటక వినిపించింది గాని ఈ మాట వినిపించలేదు.

మీ అమ్మ టైర్ల మధ్యలోంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. కళ్ళకి కట్టిన గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. "ఇప్పుడు చెప్పండి. తప్పు బండిదా, చేతిదా?" అంది.

ఆమె ముందు టైర్లు ఏరుకుంటూ తప్పించుకున్నాను. నీకు చెప్తున్నాను. తప్పు చేతిదే. తోలిన చేతిది కాదు, బిగించిన చేతిది.

నిన్న క్లబ్బు సెక్రటరీ ఇంటికి వెళ్ళి ఆయనకీ చెప్పాను. ఆయనకి ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. వాకిట్లో నిలబడి మూడుసార్లు అరవాల్సి వచ్చింది, "మా అమ్మాయి బాగానే తోలింది! బారు నేను తప్పు బిగించాను!" అని. వీధి వీధంతా తలుపులు తీసి చూసింది. ఆ రోజు పదిహేను మంది విన్నారు, నిన్న అంతకంటే ఎక్కువే విని ఉంటారు.

ఇక్కడ ఇంకో మాట రాయబోయి రెండుసార్లు కొట్టేశాను. నువ్వు కొట్టివేతల కింద చూస్తే కనపడుతుంది. పెన్సిలే కదా.

ఇప్పుడు పని సంగతి. ఇరవై నాలుగో తారీఖు నుంచి ఆ మైదానాన్ని గిడ్డంగులు కట్టడానికి తవ్వేస్తారట. ఇరవై రెండు శనివారం ఆఖరు. బండి శుభ్రంగా తుడిచి ఉంచాను. నాలుగు టైర్లలోనూ గాలి నేనే చూశాను, పెయింటరుని ముట్టుకోనివ్వలేదు. బారు విప్పి షెడ్డులో బల్ల మీద పెట్టాను, నట్లు డబ్బాలో ఉన్నాయి. బండి నాలుగు కాళ్ళ మీదా నేల మీద నిలబడి ఉంది. నువ్వొచ్చి వెయ్యాలనిపిస్తే వెయ్యి, వద్దనిపిస్తే మానెయ్యి. వేశావో లేదో నాకు చెప్పకు. నేను కళ్ళకి గుడ్డ కట్టుకుని పక్క సీట్లో మోచెయ్యి తలుపు మీద పెట్టుకుని కూర్చుంటాను. నువ్వు తోలు. అన్ని మలుపులూ, ముఖ్యంగా ఆ కుడి మలుపు. బారు ఉందో లేదో నేను చెప్తాను. తప్పు చెప్తే అందరి ముందూ నవ్వు.

నీ జవాబు పద్దెనిమిదో తారీఖు లోపల నా చేతికి అందాలి. వస్తాను అనో, రాను అనో ఒక్క మాట చాలు. "చూద్దాం నాన్నా" అని రాస్తే ఉత్తరం తిప్పి పంపేస్తాను. మీ అమ్మకి కాదు, నాకు రాయి. నేనే కూడబలుక్కుని చదువుకుంటాను.

ఇట్లు,
బండిని ఒంటికాలి మీద నిలబెట్టి బిగించిన
మీ నాన్న